ట్యాంకులోకి దిగే ముందు: ఛాతీ మీద పెట్టుకునే గ్యాస్ డిటెక్టర్‌ను ఎలా పరీక్షించాలి, ఎలా వాడాలి

“అన్నా, ఆన్ చేయగానే ఆక్సిజన్ 20.9, మిగతావన్నీ సున్నా చూపిస్తోంది. బాగానే ఉన్నట్టే కదా? మళ్ళీ సిలిండర్ తెచ్చి గ్యాస్ పట్టించడం ఎందుకు?”

పరవాడ, పటాన్‌చెరు ఫార్మా ప్లాంట్లలో పనిచేసేవాళ్లూ, గల్ఫ్‌లో షట్‌డౌన్ పనులకు (ప్లాంటు ఆపి చేసే మరమ్మతులకు) వెళ్లిన మన కుర్రాళ్లూ నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. జవాబు చిన్నదే. మంచి గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువును పట్టే సెన్సర్ సున్నా చూపిస్తుంది. చచ్చిపోయిన సెన్సర్ కూడా సున్నానే చూపించవచ్చు. తెర మీద ఆ రెండు సున్నాలూ ఒక్కలాగే ఉంటాయి. ఏది ఏదో తెలియాలంటే గ్యాస్ పట్టించి చూడటం తప్ప వేరే దారి లేదు.

రియాక్టర్, స్టోరేజీ ట్యాంకు, ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి) గుంత, పైపుల సొరంగం, ఇలా గాలి ఆడని చోటికి దిగేవాళ్లందరి కోసం ఇది రాస్తున్నాను. లోపలికి దిగడానికి ఇచ్చే పర్మిట్ మీద సంతకం చేసేవాళ్లు కూడా చదవాలి.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- నాలుగు గ్యాసుల డిటెక్టర్, మనిషికి ఒకటి. ముగ్గురు దిగుతుంటే మూడు కావాలి. ట్యాంకులో గాలి అన్ని మూలలా ఒకేలా ఉండదు కాబట్టి “ఒకరి దగ్గర ఉంటే చాలు” అనే మాట చెల్లదు.
- టెస్ట్ గ్యాస్ సిలిండర్. మామూలుగా దొరికే మిశ్రమంలో హైడ్రోజన్ సల్ఫైడ్ 25 పీపీఎం (పది లక్షల పాళ్లలో 25 పాళ్లు), కార్బన్ మోనాక్సైడ్ 100 పీపీఎం, ఆక్సిజన్ 18 శాతం, మీథేన్ 2.5 శాతం ఉంటాయి. మీ సిలిండర్ లేబుల్ మీద వేరే అంకెలు ఉండవచ్చు. ఆ లేబుల్‌నే నమ్మండి, దాని మీది గడువు తేదీ కూడా చూడండి.
- రెగ్యులేటర్, ట్యూబు, సెన్సర్ల మీద బిగించే క్యాప్. ట్యూబు డిటెక్టర్‌తో వచ్చినదే వాడండి. బజార్లో దొరికే మామూలు రబ్బరు గొట్టం హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పీల్చేసుకుంటుంది. 25 రావలసిన చోట 15 వచ్చి, సెన్సర్ పోయిందనుకుంటారు.
- లోపలికి దిగకుండా పైనుంచే గాలి లాగి చూడటానికి పంపు, పొడవాటి శాంపిల్ ట్యూబు.
- రిజిస్టరు, పెన్ను.
- మ్యాన్‌హోల్ దగ్గర నిలబడే మనిషి. కొన్నిచోట్ల స్టాండ్‌బై అంటారు, గల్ఫ్‌లో హోల్ వాచ్ అంటారు. ఈ మనిషికి వేరే పని చెప్పకూడదు.

టెస్ట్ గ్యాస్ సైటులో లేకపోతే? పెద్ద ప్లాంట్లలో సేఫ్టీ స్టోర్స్‌లో డాకింగ్ స్టేషన్ ఉంటుంది. డిటెక్టర్‌ను అందులో పెడితే పరీక్ష అదే చేసి, రికార్డు అదే రాసుకుంటుంది. కాంట్రాక్టర్ మనుషులను కూడా వాడుకోనివ్వమని అడగండి. అదీ లేదంటే ఆ రోజు దిగొద్దు. దీనికి మూడో దారి నాకు తెలిసి లేదు.

1. మీ డిటెక్టర్‌కు ఏది కనపడదో ముందు తెలుసుకోండి

నాలుగు గ్యాసుల డిటెక్టర్ కొలిచేవి: ఆక్సిజన్, మండే వాయువులు (వీటిని ఎల్‌ఈఎల్ శాతంలో, అంటే మంట అంటుకోవడానికి కావలసిన కనీస మోతాదులో ఎంత శాతం ఉందో చూపిస్తుంది), హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్. అంతే. క్లోరిన్, అమ్మోనియా దానికి తెలియవు. వాటికి విడి సెన్సర్లు కావాలి.

ఫార్మాలో పనిచేసేవాళ్లు ఈ లెక్కను కొంచెం ఓపికగా చదవాలి. టోలీన్ ఆవిరి గాలిలో 1.1 శాతానికి చేరితే అంటుకోగలదు. డిటెక్టర్ తెర మీద దాన్నే 100 శాతం ఎల్‌ఈఎల్ అంటారు. అలారం సాధారణంగా 10 శాతం ఎల్‌ఈఎల్ దగ్గర మోగుతుంది, అంటే 0.11 శాతం, అంటే 1,100 పీపీఎం. టోలీన్ 500 పీపీఎం దగ్గరే తక్షణ ప్రాణాపాయ స్థాయిగా అమెరికా సంస్థ నియోష్ లెక్కగట్టింది. అలారం మోగకముందే మనిషి ఆ గీత దాటిపోతాడు. పైగా చాలా డిటెక్టర్లను మీథేన్‌తో క్యాలిబ్రేట్ చేస్తారు (తెలిసిన గ్యాస్ పట్టించి అంకెలను సరిదిద్దుతారు), అవి టోలీన్ లాంటి బరువైన సాల్వెంట్లను ఉన్నదానికంటే తక్కువ చేసి చూపిస్తాయి. కాబట్టి ఎల్‌ఈఎల్ సున్నా దగ్గర ఉంటే మంట అంటుకోదని అర్థం, పీల్చవచ్చని కాదు. సాల్వెంట్ రియాక్టర్‌లోకి దిగాలంటే పీఐడీ అనే వేరే డిటెక్టర్‌తో పీపీఎంలో కొలవమని అడగండి. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం మీద కమ్ముకున్న స్టైరీన్ కూడా ఈ కోవలోదే.

2. బయట, మంచి గాలిలో ఆన్ చేయండి

ఆన్ చేసేటప్పుడు తెర మీద అంకెలు వరసగా వచ్చి పోతాయి. చాలామంది అవి అయిపోయేదాకా ఎటో చూస్తుంటారు. అవి చదవండి: బ్యాటరీ ఎంత ఉంది, క్యాలిబ్రేషన్ గడువు ఎన్ని రోజుల్లో ఉంది, అలారం ఎక్కడ మోగేలా పెట్టారు. ఆక్సిజన్‌కు మామూలుగా కింద 19.5, పైన 23.5 ఉంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు చాలాచోట్ల మొదటి అలారం 10 పీపీఎం, గల్ఫ్‌లో కొన్ని కంపెనీలు 5 పెడతాయి. కార్బన్ మోనాక్సైడ్‌కు 35 మామూలు. మీ ప్లాంటులో చెప్పినదానికీ తెర మీద వచ్చినదానికీ పొంతన లేకపోతే ఆ డిటెక్టర్ తీసుకోకండి.

ఆ తరువాత జీరో చేయాలి, అంటే చుట్టూ ఉన్న గాలినే మంచి గాలిగా లెక్కపెట్టుకోమని డిటెక్టర్‌కు చెప్పాలి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఈటీపీ పక్కన, డీజిల్ జనరేటర్ దగ్గర, సాల్వెంట్ డ్రమ్ములున్న షెడ్డులో జీరో చేశారంటే అక్కడి చెడు గాలినే “ఇదే మంచి గాలి” అని దానికి నేర్పినట్టు. అలాంటి డిటెక్టర్ నిజంగా మంచి గాలిలోకి వెళ్లగానే మైనస్ అంకె చూపిస్తుంది, లేదా ఆక్సిజన్ 21 దాటుతుంది. మైనస్ కనపడితే జీరో చేసిన చోటే తప్పని అర్థం. గాలి వచ్చే దిక్కున, ఆరుబయట మళ్ళీ చేయండి. ఏసీ గదిలోంచి తెచ్చిన వెంటనే కూడా చేయకండి. మన తీరప్రాంతపు ఉక్కకు సెన్సర్లు అలవాటు పడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది.

3. గ్యాస్ పట్టించండి (బంప్ టెస్ట్)

రోజూ, మొదటిసారి వాడే ముందు చేయాలి. కింద పడినా, నీళ్లలో తడిసినా, ఒకసారి గట్టిగా అలారం వచ్చినా మళ్ళీ చేయాలి.

అ) ఫ్యాను కింద కాకుండా, గాలి సుడి లేని చోట కూర్చోండి. ఫ్యాను గాలికి టెస్ట్ గ్యాస్ పలచబడి అంకె తక్కువ వస్తుంది.

ఆ) సెన్సర్ల మీద క్యాప్ బిగించి, ట్యూబు తగిలించి, రెగ్యులేటర్ తిప్పండి. చాలా డిటెక్టర్లకు నిమిషానికి అర లీటరు సరిపోతుంది. రెగ్యులేటర్ మీదే 0.5 అని ఉంటుంది.

ఇ) చూడండి, వినండి, పట్టుకుని ఉండండి. దీపం వెలగాలి, బజర్ మోగాలి, చేతిలో వణుకు తెలియాలి. మూడూ కావాలి. గ్రైండింగ్ మోతలో బజర్ వినపడదు, వెల్డింగ్ వెలుగులో దీపం కనపడదు. ఆఖరికి మిమ్మల్ని లేపేది ఆ వణుకే కావచ్చు.

ఈ) నిలకడగా నిలిచిన అంకెను సిలిండర్ లేబుల్‌తో పోల్చండి. తయారీదారులు 10 నుంచి 20 శాతం వరకు తేడాను ఒప్పుకుంటారు, మీ మోడల్ పుస్తకంలో ఎంత ఉందో చూసుకోండి. ఉదాహరణకు 20 శాతం అయితే 25 పీపీఎం సిలిండర్‌కు 20 నుంచి 30 మధ్య రావాలి.

ఉ) గ్యాస్ ఆపి, ఆక్సిజన్ మళ్ళీ 20.9కి, మిగతావి సున్నాకు వచ్చేదాకా ఆగండి. రిజిస్టరులో డిటెక్టర్ నంబరు, తేదీ, నాలుగు అంకెలు రాయండి. “ఓకే” అని మాత్రం రాయకండి. నాలుగు వారాల అంకెలు వరసగా ఉంటేనే 25, 23, 21, 19 అంటూ సెన్సర్ జారిపోవడం కంటికి కనపడుతుంది.

ఫెయిలైతే: ముందు సిలిండర్ గడువు, ట్యూబు, సెన్సర్ల ముందుండే తెల్లటి ఫిల్టర్ చూడండి. ఫిల్టర్ మీద పౌడరు, పెయింటు, చెమట ఉప్పు పేరుకుంటే గ్యాస్ లోపలికి పోదు. ఇవన్నీ సరిగా ఉండి కూడా అంకె రాకపోతే పూర్తి క్యాలిబ్రేషన్ చేయించాలి. అప్పటికీ రాకపోతే సెన్సర్ మార్చాలి.

*చేయకూడని పరీక్షలు.* సిగరెట్ లైటర్‌ను వెలిగించకుండా డిటెక్టర్ మీదికి గ్యాస్ వదిలి “చూశారా, మోగింది” అంటారు. ఆ గ్యాస్ అంత చిక్కగా తగిలితే ఎల్‌ఈఎల్ సెన్సరే దెబ్బతింటుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ సెన్సర్ సంగతి మాత్రం ఏమీ తెలియదు. నోటితో ఊదితే ఆక్సిజన్ అంకె తగ్గుతుంది, దానితో తెలిసేది ఆక్సిజన్ సంగతి ఒక్కటే.

4. సరైన చోట తగిలించుకోండి

ముక్కుకూ నోటికీ 25 సెంటీమీటర్ల లోపు. అంటే కాలరు దగ్గర గానీ, ఛాతీ పైభాగాన గానీ. సెన్సర్ల ముఖం బయటికి ఉండాలి.

ఒక షట్‌డౌన్‌లో ఒక కుర్రాడి డిటెక్టర్ చేతిలోకి తీసుకుని చూశాను. తెర మీద అన్నీ సరిగానే ఉన్నాయి. బొటనవేలు బజర్ మీదికి పోయేసరికి నున్నగా తగిలింది. వెలుగులో పట్టి చూస్తే, ఆ చిన్న రంధ్రం మీద ఇన్సులేషన్ టేపు ముక్క, గోరంత, నీటుగా కత్తిరించి అంటించి ఉంది. నల్ల డిటెక్టర్ మీద నల్ల టేపు. “రాత్రంతా కూస్తోందన్నా, సూపర్‌వైజర్ తిడుతున్నాడు” అన్నాడు. ఎందుకు కూస్తోందని అతన్ని ఎవరూ అడగలేదు. బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టే గది పక్కనుంచి వెళ్లినప్పుడల్లా కార్బన్ మోనాక్సైడ్ అలారం వచ్చేది. బ్యాటరీల నుంచి వచ్చే హైడ్రోజన్‌ను ఆ సెన్సర్ కార్బన్ మోనాక్సైడ్‌గా పొరబడుతుంది. అది ఉత్తుత్తి అలారం అనుకోవడానికి లేదు, హైడ్రోజన్ మండే వాయువే. ఆ గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను పనిచేయడం లేదని ఆ టేపు ముక్క వల్లే బయటపడింది. కాబట్టి డిటెక్టర్ మాటిమాటికీ మోగుతుంటే నోరు మూయించకండి, వచ్చి చెప్పండి. చెప్పినవాడిని సూపర్‌వైజర్లు తిట్టకండి.

నేను తరచూ చూసే మిగతా తప్పులు ఇవి:

- బాయిలర్ సూట్ జేబులో వేసుకోవడం, జిప్పు లోపల పెట్టుకోవడం. గుడ్డ లోపలి గాలి మీరు పీల్చే గాలి కాదు.
- బెల్టుకు తగిలించుకోవడం. నడుము దగ్గరి గాలి వేరు, మొహం దగ్గరి గాలి వేరు.
- సేఫ్టీ బెల్టు పట్టీ సెన్సర్ల మీద పడటం. బెల్టు వేసుకున్నాకే డిటెక్టర్ తగిలించండి.
- నిచ్చెన మెట్టుకు వేలాడదీసి పని చేసుకోవడం. అప్పుడది నిచ్చెనకు కాపలా కాస్తుంది.
- ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో) తుడవడం. ఫార్మాలో ఇది అలవాటుగా చేసేస్తారు. ఆల్కహాల్ ఆవిరికి కార్బన్ మోనాక్సైడ్ సెన్సర్ తప్పుడు అంకెలు చూపిస్తుంది. సిలికాన్ స్ప్రేలు, పాలిష్‌లు ఇంకా చెరుపు, ఎల్‌ఈఎల్ సెన్సర్‌ను శాశ్వతంగా మొద్దుబారుస్తాయి. తడి గుడ్డ చాలు.

కదలిక లేకపోతే మోగే మ్యాన్‌డౌన్ సౌకర్యం మీ మోడల్‌లో ఉంటే ఆన్ చేయించుకోండి.

5. దిగకముందే పైనుంచి కొలవండి

మ్యాన్‌హోల్ మూత మొత్తం తీసి, తల లోపల పెట్టి చూడటం అలవాటైపోయింది మనవాళ్లకు. ఆ ఒక్క పనే మనిషిని పడేయగలదు. మూత కొంచెం తెరిచి, పక్కకు నిలబడి, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా చూసుకుని ట్యూబు దింపండి.

పైన, మధ్యలో, అడుగున, మూడు చోట్లా చూడాలి. మీథేన్ తేలిక, పైకి చేరుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్, సాల్వెంట్ ఆవిర్లు గాలికంటే బరువు, అడుగున పేరుకుంటాయి. ట్యాంకు లోతుగా ఉంటే సుమారు ప్రతి 1.2 మీటర్లకు ఒకసారి ఆగాలి.

ఎంతసేపు ఆగాలి? ట్యూబు గుండా గాలి రావడానికి మీటరుకు సుమారు 3 సెకన్లు అనుకోండి, మీ పంపు పుస్తకంలో కచ్చితమైన లెక్క ఉంటుంది. 6 మీటర్ల ట్యూబు అయితే 18 సెకన్లు, దానికి సెన్సర్ తేరుకునే సమయం కలపండి. నేనైతే ఒక్కో ఎత్తు దగ్గర రెండు నిమిషాలు ఆపుతాను. ట్యూబు దింపిన వెంటనే చూసి “క్లియర్” అన్నారంటే మీరు చూసింది ట్యూబులో ముందునుంచీ ఉన్న బయటి గాలిని. అడుగున బురదో నీళ్లో ఉంటే ట్యూబు మొన వాటిలో మునగకుండా పైనే ఆపండి.

అంకెల్లో ముందు ఆక్సిజన్ చూడండి. దీనికి కారణం ఉంది. మామూలు ఎల్‌ఈఎల్ సెన్సర్ గ్యాస్‌ను తనలో కాల్చి కొలుస్తుంది, కాల్చడానికి ఆక్సిజన్ కావాలి. నైట్రోజన్ నింపిన రియాక్టర్‌లో సాల్వెంట్ ఆవిరి నిండుగా ఉన్నా అది సున్నా దగ్గరే ఉండిపోవచ్చు. ఆక్సిజన్ బాగా తక్కువ ఉన్నచోట ఎల్‌ఈఎల్ సున్నాను లెక్కలోకి తీసుకోకూడదు.

ఆక్సిజన్ 19.5కి పడేదాకా ఆగనక్కర్లేదు కూడా. గాలిలో ఆక్సిజన్ ఐదో వంతు. అది 20.9 నుంచి 19.9కి తగ్గిందంటే, ఆ గాలిలో దాదాపు 5 శాతం మరేదో వచ్చి చేరింది. 5 శాతం అంటే 50,000 పీపీఎం. ఆ “మరేదో” నైట్రోజన్ అయితే సరే, విషవాయువు అయితే? అంకె ఎందుకు తగ్గిందో తెలిసేదాకా ఎవరూ దిగకూడదు.

ఈ పరీక్ష చేసి రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలనీ, లేదంటే శ్వాస పరికరం పెట్టుకుని, తాడు కట్టిన బెల్టుతో, తాడు రెండో కొస బయటి మనిషి చేతిలో ఉండగా మాత్రమే దిగాలనీ 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 36వ సెక్షన్‌లోనే రాశారు (2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక భద్రతా కోడ్ వచ్చింది). “పేపరు తరువాత చూద్దాం, ముందు దిగు” అన్నవాళ్లకు ఈ మాట చెప్పండి.

6. లోపల ఉన్నంతసేపూ

దిగే ముందు కొలిచిన అంకెలు ఆ నిమిషానివి మాత్రమే. బురద కదిపితే అందులో చిక్కుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. వెల్డింగ్ చేస్తే గాలి మారుతుంది. లోపలికి గాలి కొట్టే బ్లోయర్ ఆగిపోతే మారుతుంది. అందుకే డిటెక్టర్ ఒంటి మీద ఉండాలి. పని మధ్యలో గంటసేపు బయటికి వచ్చి మళ్ళీ దిగుతుంటే పైనుంచి మళ్ళీ కొలవండి.

ముక్కును నమ్ముకోకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. 100 పీపీఎం చేరేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, “ఇప్పుడు తగ్గింది” అనిపిస్తుంది. నైట్రోజన్‌కు, కార్బన్ మోనాక్సైడ్‌కు అసలు వాసనే లేదు. ఉత్త నైట్రోజన్ అయితే ఒకటి రెండు శ్వాసలకే మనిషి కుప్పకూలవచ్చు.

7. మోగితే

బయటికి రండి. అంకె చూడటం, బటన్ నొక్కి ఆపడం, పనిముట్లు సర్దుకోవడం, ఆఖరి బోల్టు బిగించడం, అన్నీ తరువాత. ఒకరిది మోగినా అందరూ రావాలి. పైకి వచ్చాక గాలికి అడ్డంగా నడిచి గ్యాస్ దారిలోంచి తప్పుకోండి, తరువాత గాలి వచ్చే దిక్కుకు పోండి. విండ్‌సాక్ (గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం) ఎటు ఊగుతోందో పొద్దున్నే చూసి పెట్టుకుంటే అప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

ఇప్పుడు మ్యాన్‌హోల్ దగ్గరి మనిషితో మాట్లాడుతున్నాను. లోపల మీ వాడు పడిపోయాడు. మీ ఊరివాడో, బావమరిదో కావచ్చు. మీ కాళ్లు వాటంతట అవే లోపలికి లాగుతాయి. దిగొద్దు. వాడిని పడేసిన గాలే మిమ్మల్నీ పడేస్తుంది. ఇరుకు చోట్ల చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడబోయి పోయినవాళ్లేనని నియోష్ 1986లోనే హెచ్చరించింది. మీరు చేయవలసినవి ఇవి: రేడియోలో గానీ కేక వేసి గానీ రెస్క్యూ వాళ్లను పిలవడం, బ్లోయర్ ఆపకుండా చూడటం, తాడు ఉంటే బయటినుంచే లాగడం. ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు), వించ్ (తాడు చుట్టి లాగే గిలక) ముందే బిగించి ఉంటే ఈ చివరి పని మీ ఒక్కరి వల్ల అవుతుంది. అందుకే అవి బిగించకుండా ఎవరినీ దిగనివ్వకండి. లోపలికి పోగలిగేది సిలిండర్ శ్వాస పరికరం పెట్టుకున్న, శిక్షణ ఉన్న మనిషి మాత్రమే. గుడ్డ మాస్కు, క్యాట్రిడ్జ్ మాస్కు ఆక్సిజన్ లేని చోట ఎందుకూ పనికిరావు.

8. షిఫ్టు అయ్యాక

ఆఫ్ చేసే ముందు పీక్ అంకెలు చూడండి. ఆ రోజు డిటెక్టర్ చూసిన అతి ఎక్కువ, ఆక్సిజన్ అయితే అతి తక్కువ, అందులో ఉంటాయి. అలారం మోగలేదు కదా అని వదిలేయకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ పీక్ 8 అని ఉంటే, 10 దగ్గర మోగే డిటెక్టర్ నోరు తెరవలేదు గానీ గ్యాస్ మాత్రం వచ్చింది. ఎన్ని గంటలకు, ఏం చేస్తుండగా వచ్చిందో మీకే గుర్తుంటుంది: బురద కదిపినప్పుడా, వాల్వు తెరిచినప్పుడా? రిజిస్టరులో రాసి, రాత్రి షిఫ్టుకు వచ్చినవాడికి నోటితో కూడా చెప్పండి. తరువాత తడి గుడ్డతో తుడిచి, ఫిల్టర్ చూసి, సాల్వెంట్ డబ్బాలు లేని గదిలో ఛార్జింగ్ పెట్టండి.